‘గొంతు బాగుంది, కానీ...’

‘పాట ఎవరిది?’ - 6వ భాగం

గత భాగం గుడి మైకు గురించి. అది చదివాక ఇన్‌బాక్స్‌లో చాలామంది పిల్లలు ఒకటే అడిగారు: "మేడమ్, టీవీ పాటల పోటీల గురించి ఎప్పుడు రాస్తారు?" ఇదిగో రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది. తిట్టాలనుకున్నవాళ్ళు కూడా చివరిదాకా చదివి తిట్టండి.

ఆ పోటీలు చూసే ఎవరికైనా ఒక వాక్యం బాగా అలవాటు. పిల్ల పాడుతుంది. జడ్జి కళ్ళు మూసుకుని తలూపుతాడు. చప్పట్లు అయ్యాక మైకు అందుకుని అంటాడు: "గొంతు బాగుందమ్మా, కానీ..." ఆ ‘కానీ’ తర్వాత ఏం వస్తుందో మనందరికీ తెలుసు. ఒత్తులు పడట్లేదు. శకు, సకు తేడా రావాలి. ఊరి యాస కొంచెం తగులుతోంది. ఎవరైనా మంచి గురువు దగ్గర శాస్త్రీయంగా నేర్చుకో.

‘కానీ’కి ముందు ఉన్నది సంగీతం. తర్వాత ఉన్నది కులం. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇంతే. దీన్ని నిరూపించాలి కాబట్టి ఇంత రాయాల్సి వస్తోంది.

ముందు న్యాయంగా మాట్లాడదాం. తెలుగు టీవీలో పాటల పోటీ అనగానే గుర్తొచ్చేది 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు నడిపిన ఆ కార్యక్రమం మా తరం ఇళ్ళల్లో అన్నం గిన్నెల పక్కన నడిచింది. సినిమా వాళ్ళ పిల్లలు కాని పిల్లలకి, మద్రాసు తెలియని పిల్లలకి అది ఒక తలుపు తెరిచింది. అక్కడ పాడి తర్వాత సినిమాల్లో నిలబడినవాళ్ళు ఉన్నారు. పోటీలో ఓడిన పిల్లని కూడా ఆయన చిన్నబుచ్చేవాడు కాదు. ఇదంతా నిజం. 2020లో ఆయన పోయినప్పుడు మా పేటలో కూడా జనం ఏడ్చారు.

ఇంకోవైపు నుంచి వేరే సరుకు వచ్చింది. 2001లో బ్రిటన్‌లో ‘పాప్ ఐడల్’ మొదలైంది. ఆ మరుసటేడు అమెరికాకి వెళ్ళింది, 2004లో ‘ఇండియన్ ఐడల్’ అయింది, 2022లో ఆహాలో ‘తెలుగు ఇండియన్ ఐడల్’ అయింది. మొదటిది గురుకులం పద్ధతి, రెండోది బజారు పద్ధతి. మొదటిదాంట్లో పెద్దాయన కూర్చుని తప్పులు దిద్దుతాడు. రెండోదాంట్లో ముగ్గురు కూర్చుని మార్కెట్ చూస్తారు, ఫోన్లో ఓట్లు అడుగుతారు. ఇప్పుడు మన తెలుగు షోలన్నీ ఈ రెండింటి కలగాపులగం. లైట్లు, కన్నీళ్ళు, ఎలిమినేషన్ బజారు నుంచి వచ్చాయి. కొలబద్ద మాత్రం గురుకులానిదే. ఆ కొలబద్ద పేరు ‘ఉచ్చారణ’.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను, డిగ్రీ కాలేజీలో వ్యాకరణం చెప్తాను. కాబట్టి ఈ ఒక్క సంగతి గురించి గట్టిగానే మాట్లాడతాను.

చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ తెరవండి. 1858 నాటి పుస్తకం. మనం తెలుగు వ్యాకరణం అంటే చేతిలో పెట్టేది అదే. సంజ్ఞా పరిచ్ఛేదంలో ఆయన వర్ణాల లెక్క చెప్తాడు. సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకి 36. ఆ 36లో ఏముందో, ఏం లేదో చూడండి. ఖ లేదు, ఘ లేదు, ఛ లేదు, ఝ లేదు, థ లేదు, ధ లేదు, ఫ లేదు, భ లేదు. శ లేదు, ష లేదు. స మాత్రమే ఉంది. అంటే జడ్జి మన పిల్లల్ని ఏ అక్షరాలు పలకలేదని మందలిస్తున్నాడో, అవి సూరి లెక్కలో తెలుగు వర్ణాలే కావు. సంస్కృత పదాలతో పాటు వలస వచ్చిన అక్షరాలు అవి. వచ్చాయి, ఉన్నాయి, వాడుకుంటున్నాం, నాకేం పేచీ లేదు. వాటిని పలికితేనే తెలుగు వచ్చినట్టు అని తీర్పు చెప్పడం దగ్గరే నా పేచీ.

ఇంకా ఒక అడుగు ముందుకెళ్దాం. ‘భాష’ని ‘బాస’ అంటే ఏమంటారు? పరీక్షలో రాస్తే తద్భవం అంటారు, మార్కు వేస్తారు. ‘శ్రీ’ నుంచి ‘సిరి’ వచ్చింది, ‘ఆకాశం’ నుంచి ‘ఆకసం’ వచ్చింది. కవులు వాడారు, నిఘంటువులు ఎక్కించాయి, మేం పాఠంగా చెప్తున్నాం. అదే పని మా అమ్మలు, అమ్మమ్మలు నాట్లేస్తూ నోటితో చేస్తే దానికి పేరు ‘తప్పుడు ఉచ్చారణ’. కవి నోట్లో తద్భవం, కూలి నోట్లో తప్పు. సూత్రం ఒకటే. పలికిన నోరు మారింది, తీర్పు మారింది.

వర్ణం అంటే అక్షరం, వర్ణం అంటే మనకి తెలిసిన ఆ ఇంకోటి కూడా. తెలుగులో ఈ రెంటికీ ఒకటే మాట ఉండటం మీద నేను క్లాసులో ఎప్పుడూ ఒక పీరియడ్ ఖర్చు పెడతాను.

"పాట అర్థం కావాలంటే మాట స్పష్టంగా ఉండాలి కదా మేడమ్?" కచ్చితంగా ఉండాలి. స్పష్టత వేరు, శుద్ధి వేరు. ‘సేను’ అని స్పష్టంగా పలకొచ్చు, ‘క్షేత్రం’ అని నమిలి మింగొచ్చు. స్పష్టత అనేది వినేవాడి చెవికి సంబంధించింది. శుద్ధి అనేది పాడేవాడి పుట్టుకకి సంబంధించింది. ఒకటి పేరు చెప్పి ఇంకోటి కొలుస్తున్నారు.

నిజంగా ఉచ్చారణే అంత ప్రాణమైతే ఇంకో ప్రశ్న. ముంబై నుంచి వచ్చి పాడినవాళ్ళని మన సినిమా ఎలా నెత్తిన పెట్టుకుంది? ఉదిత్ నారాయణ్ తెలుగు మీద మనమంతా జోకులేసుకున్నాం. పాటలు ఆగాయా? హిట్లయ్యాయి, పెళ్ళి బ్యాండుల్లో మోగాయి. నాకూ ఇష్టమే ఆ గొంతు. అక్కడ తెలుగు నలిగితే ‘కొత్తగా ఉంది’ అన్నారు. వినుకొండ పక్క పల్లె పిల్ల ఒక ఒత్తు వదిలేస్తే మాత్రం భాష చచ్చిపోతోంది అంటారు. దూరం నుంచి వచ్చిన తప్పు అందం. పక్క వీధి నుంచి వచ్చిన తప్పు అపచారం. పక్క వీధి అంటే ఏ వీధో చెప్పక్కర్లేదు కదా.

‘శాస్త్రీయంగా నేర్చుకో’ అన్న సలహా సంగతి కూడా చూద్దాం. బాలు గారు శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదని ఆయనే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. అలాంటి మనిషి ‘శంకరాభరణం’ పాటలు పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. గొప్ప విషయం. కె.వి. మహదేవన్ నమ్మాడు, దగ్గర కూర్చోబెట్టి పాడించుకున్నారు, ఆయన కష్టపడ్డాడు. నేర్చుకోని గొంతుకి కూడా నమ్మకం, అవకాశం, సమయం ఇస్తే ఏం చేయగలదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మన పిల్లలకి ఆ నమ్మకం ఇవ్వకుండా సలహా ఒక్కటే ఇస్తున్నారు.

ఇంకొంతమంది మన మంచి కోరేవాళ్ళు ఉంటారు. "ఆ ఉచ్చారణేదో నేర్చేసుకుంటే గొడవే లేదు కదా" అంటారు. నేర్చుకున్నవాడి కథ మనకి తెలుసు. గుర్రం జాషువా. సంస్కృతం చదివాడు, పద్యం మీద పట్టు సాధించాడు, ఛందస్సులో తప్పు పట్టే మొనగాడు లేడు. 1941లో ‘గబ్బిలం’ రాశాడు. అంత నేర్చినా ఏమైంది? పద్యం విన్నంతసేపూ తలూపి, కులం తెలియగానే మొహం తిప్పుకున్న సభల గురించి ఆయన తన కథలో తనే రాసుకున్నాడు. ఒత్తులు పలికితే ఈ గోడ కూలేదే అయితే జాషువా పద్యంతోనే కూలిపోవాలి.

ఇది టీవీలో ఆగలేదు. మన కాలేజీల్లోకి వచ్చింది.

ఆ మధ్య ఒక కాలేజీ యువజనోత్సవంలో పాటల పోటీకి ముగ్గురు జడ్జిల్లో ఒకరిగా నన్ను పిలిచారు. మాకిచ్చిన మార్కుల కాగితంలో నాలుగు గళ్ళు: శ్రుతి 25, లయ 25, ఉచ్చారణ 25, భావం 25. టీవీ నుంచి దిగిన కాగితమే. సాంఘిక సంక్షేమ హాస్టల్ నుంచి వచ్చిన ఒక పిల్ల, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న కలుపు పాట పాడింది. ట్రాక్ లేదు, మైకు సరిగా లేదు. హాల్లో గోల ఆగిపోయింది. పాట అయ్యాక చూస్తే నా పక్కాయన ఉచ్చారణ గడిలో 8 వేశాడు. ఏ మాట తప్పు పలికింది సార్ అని అడిగాను. "చెరువుని సెరువు అంది, చేనుని సేను అందండీ" అన్నాడు. ఆ పాట పుట్టిందే ‘సేను’లో. ‘చేను’ అని పాడితే అది ఆ పాట కాదు. నేను ఉచ్చారణ గడి అందరికీ ఖాళీగా వదిలేసి, ఎందుకు వదిలేశానో కింద నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టాను. నిర్వాహకులకి అది నచ్చలేదు. ఆ పిల్లకి కన్సొలేషన్ ప్రైజు ఇచ్చారు. మెట్ల దగ్గర నన్నాపి అడిగింది: "మేడమ్, బాగాలేనిది నా గొంతా, మా అమ్మ మాటా?"

ఆ ప్రశ్న ఒక్క పిల్లదే అయితే నేను ఈ వ్యాసం రాయను.

టీవీలో అయితే ఆ అమ్మని కూడా చూపిస్తారు. ఎలా చూపిస్తారో గమనించారా? పాటకి ముందు రెండు నిమిషాల వీడియో ఉంటుంది. రేకుల ఇల్లు, కట్టెల పొయ్యి, పొలంలో వంగి పనిచేసే తల్లి, వెనక వయొలిన్. జడ్జి కళ్ళు తుడుచుకుంటాడు. యాంకర్ గొంతు వణుకుతుంది. అన్నీ చెప్తారు. తండ్రి అప్పు చెప్తారు, చెల్లి చదువు ఆగిపోవడం చెప్తారు. ఒక్క మాట చెప్పరు. ఆ ఇల్లు ఊరికి ఏ పక్కన ఉందో చెప్పరు. పేదరికం చూపిస్తే జాలి వస్తుంది, కులం చెప్తే ప్రశ్న వస్తుంది. జాలికి యాడ్లు వస్తాయి, ప్రశ్నకి రావు. పైగా ఆ వీడియో చేసే పని ఇంకోటి ఉంది. పిల్ల గెలిస్తే ‘మేం అవకాశం ఇచ్చాం’ అవుతుంది, ఓడితే ‘పాపం, ఇక్కడిదాకా వచ్చింది’ అవుతుంది. ఏ రకంగానూ ఆ పిల్ల తన గొంతుతో వచ్చిన కళాకారిణి అవదు.

తర్వాత అడుగుతారు: "సంగీతం ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" చాలామంది మన పిల్లల దగ్గర దీనికి నిజమైన జవాబు ఉంది. ఆంధ్ర ప్రాంతంలో మాల మాదిగ పల్లెల్లో పాట నేర్పే బడి ఏది? చర్చి. సండే స్కూలు. హార్మోనియం వాయించే పాస్టరమ్మ. పాత క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల మీద రాగం, తాళం పేర్లు రాసి ఉంటాయి. సంగీత కళాశాల మెట్లెక్కనివ్వని రోజుల్లో మన తాతలకి ఆ పేర్లు వినిపించింది అక్కడే. అయినా స్టేజీ మీద పిల్ల తడబడుతుంది, ‘ఇంట్లోనే’ అంటుంది. ఎందుకు? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది కాబట్టి. దాని ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధం కాకుండా వేరే మతం పాటించేవాడు షెడ్యూల్డ్ కులం కింద లెక్కకి రాడు. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. అంటే ‘చర్చిలో నేర్చుకున్నాను’ అన్న ఒక్క మాట కెమెరా ముందు అనడానికి కులం సర్టిఫికెట్ గుర్తొచ్చి వణకాల్సిన పరిస్థితి. పక్కన నిలబడ్డ పిల్లాడు తన గురువు గారి పేరు చెప్పి చెవులు పట్టుకుని దండం పెడతాడు. మన పిల్ల తన గురువు పేరు మింగేస్తుంది. పోటీ అక్కడే అయిపోయింది, పాట ఇంకా మొదలవ్వలేదు.

ఇక జానపదం రౌండు. సీజన్ అంతా మన పాట కనపడదు. ఒక్క వారం పండగలా వస్తుంది. పిల్లలకి పంచెలు కట్టి, తలపాగాలు చుట్టి, బుగ్గన చుక్క పెట్టి, వెనక గడ్డివాము సెట్టేస్తారు. పాడేది సినిమాలోని జానపదం. డప్పు చేతికిస్తారు, అది ఫైబర్ డప్పు. తోలు డప్పు వాయించే ముందు మంట దగ్గర కాచాలి. తోలు బిగిసి, సిర్ర దెబ్బకి, చిటికెన పుల్ల దెబ్బకి సరైన మోత వచ్చేదాకా కాచాలి. డప్పుకి శ్రుతి చేయడం అంటే అదే. మా పేటలో పదేళ్ళ పిల్లాడికి తెలుసు ఎంతసేపు కాచాలో. ఏసీ స్టూడియోలో మంట పెట్టనివ్వరు. కాబట్టి శ్రుతి చేయడం కుదరని డప్పుని చేతికిచ్చి, అది ఊరికే దడదడలాడే వాయిద్యం అని నమ్మిస్తారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం ఆ డప్పు మోతతోనే తనకి ‘దండోరా’ అని పేరు పెట్టుకుంది. చావుకీ చాటింపుకీ వాయించమన్న దాన్ని హక్కు అడగడానికి వాయించారు. టీవీకి వచ్చేసరికి అది మళ్ళీ అలంకారం అయింది.

మంచి ప్రయత్నాలు లేవా అంటే ఉన్నాయి. మా టీవీలో ‘రేలా రె రేలా’ వచ్చింది. గోరటి వెంకన్న, సుద్దాల అశోక్ తేజ జడ్జీలుగా కూర్చున్నారు. ఒక వారం రౌండు కాదు, కార్యక్రమం మొత్తం పల్లె పాటే. యాస తప్పు అవ్వలేదు, యాసే బలం అయింది. తూకం వేసే మనిషి మారితే తూకం మారుతుందని అది చూపించింది. అయితే ఆ కథకి కూడా ఒక తోక ఉంది. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగ దరియా’ వచ్చి ఊరూవాడా ఊగినప్పుడు, ఆ పాటని తాను ‘రేలా రె రేలా’లో ముందే పాడానని ఒక గాయని మీడియా ముందుకొచ్చింది. తానే ముందు పాడానని ఇంకొకరు వచ్చారు. ఎవరిది న్యాయమో నేను తీర్పు చెప్పను. నా బాధ వేరే. పోటీలో పాడిన పిల్ల పాటకి హక్కుదారు అవ్వదు. ఊరి పాట ‘ఎవరిదీ కాదు’ అవుతుంది. ఎవరిదీ కానిది ముందుగా ఎవరికి చేరుతుంది? స్టూడియో ఉన్నవాడికి.

దర్శనం మొగులయ్య గారిని గుర్తు తెచ్చుకోండి. డక్కలి కులం, పన్నెండు మెట్ల కిన్నెర. ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో ఆయన గొంతు వినగానే థియేటర్లు ఊగాయి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన హైదరాబాద్ దగ్గర ఇళ్ళు కట్టే చోట కూలి పని చేస్తున్న వీడియో వార్తల్లో వచ్చింది. ఏ పాటల పోటీలో అయినా ఆయన పాటకి ఏ గడిలో ఎన్ని మార్కులేస్తారు? కిన్నెర ఏ స్కేల్లో ఉందంటారు? డక్కలి వాళ్ళు మాదిగల పుట్టుక కథలు తరతరాలుగా నోట్లో మోసుకొచ్చినవాళ్ళు. ఆ విద్య పేరు గడుల్లో లేదు.

ఇది మన తెలుగు రోగమే కాదు. అదే 2022లో కేరళలో అట్టప్పాడి ఇరుళ ఆదివాసీ గాయని నంజియమ్మకి ‘అయ్యప్పనుమ్ కోషియుమ్’ పాటకి జాతీయ ఉత్తమ గాయని అవార్డు వచ్చింది. వెంటనే ఒక సంగీతకారుడు లేచాడు. సంగీతానికే జీవితం ధారపోసినవాళ్ళకి ఇది అవమానం అన్నాడు. నంజియమ్మ మేకలు కాస్తూ జీవితమంతా పాడింది. అది ధారపోయడం కింద లెక్కకి రాలేదు. అక్కడ కూడా అదే ‘కానీ’.

"జడ్జీల సంగతి వదిలేయండి, ఓట్లు వేసేది జనమే కదా" అంటారు. 2007 ఇండియన్ ఐడల్ చూడండి. కోల్‌కతా పోలీసు కానిస్టేబుల్, డార్జిలింగ్ గూర్ఖా ప్రశాంత్ తమాంగ్ గెలిచాడు. కొండ ప్రాంతం మొత్తం కదిలి ఓట్లేసింది. ఆ గెలుపు మీద ఒక రేడియో జాకీ గూర్ఖాల్ని వాచ్‌మన్లని వెక్కిరిస్తే సిలిగురిలో గొడవలు అయ్యాయి. ఆ అభిమాన సంఘాల ఊపులోంచే కొన్ని వారాల్లో గూర్ఖా జనముక్తి మోర్చా పుట్టింది. అంటే ఓటు ఎప్పుడూ గొంతుకి మాత్రమే పడదు, తమ మనిషికి పడుతుంది. తమవాడని నోరు తెరిచి చెప్పుకోగలిగిన జనం గెలిపించుకున్నారు. మన పిల్ల కులం దాచుకుని స్టేజీ ఎక్కితే మన పేటకి ఆమె మనదని తెలిసేది ఎలా? అసలు ఓటు దాకా రావాలంటే ముందు ఆడిషన్ దాటాలి. అక్కడ జనం ఉండరు, గడుల కాగితం ఉంటుంది.

ఇప్పుడు కరోకీ. ఫ్రెషర్స్ డే నుంచి ఫేర్‌వెల్ దాకా మన కాలేజీల్లో పాట అంటే ఇప్పుడు కరోకీ ట్రాకే. ఈ మాట జపనీస్. ‘కరా’ అంటే ఖాళీ, ‘ఓకే’ అనేది ఆర్కెస్ట్రాకి పొట్టి పేరు. ఖాళీ ఆర్కెస్ట్రా. 1971లో కోబేలో దైసుకే ఇనోయుయే అనే బార్ వాద్యకారుడు ఆ యంత్రాన్ని తయారు చేశాడని చెప్తారు. దానికి పేటెంట్ కూడా తీసుకోలేదు. పనయ్యాక వచ్చిన మామూలు జనం పాడుకోవడానికి పుట్టింది అది. దాని ముందు జడ్జి లేడు. పాడలేనివాడు పాడటమే దాని అసలు సరదా. అంత మంచి వస్తువుని మనం తెచ్చి, ముందు ఒక బల్లేసి, బల్ల వెనక ముగ్గుర్ని కూర్చోబెట్టాం.

కరోకీతో మన పాటకి ఇంకో చిక్కు ఉంది. ట్రాక్ ఉన్న పాటే పాడాలి. ట్రాక్ అంటే దాదాపు అన్నీ సినిమా పాటలే. కలుపు పాటకి ట్రాక్ ఉండదు. చిందు భాగవతానికి ఉండదు. పైగా ట్రాక్ ముందే శ్రుతి తేల్చేస్తుంది, వేగం తేల్చేస్తుంది, పల్లవి ఎన్నిసార్లో తేల్చేస్తుంది. మన పాట అలా పుట్టలేదు. ఒకరు ఎత్తుకుంటారు, పదిమంది వంత పాడతారు. జనం ఊపు చూసి చరణం పెరుగుతుంది. గద్దర్ పాడుతుంటే మధ్యలో ఆగి మాట్లాడి మళ్ళీ ఎత్తుకునేవాడు, చూశారు కదా. ఆ ఆగడం ఏ ట్రాక్‌లో పడుతుంది? పోటీలో ‘సోలో’ అని ఒక గడి, ‘గ్రూప్’ అని ఇంకో గడి. వంత ఉన్న పాట సోలో కాదు, గ్రూపూ కాదు. కాబట్టి దానికి ఎంట్రీ ఫారమే లేదు. ఖాళీ ఆర్కెస్ట్రా ముందు ఒంటరి గొంతుని నిలబెట్టి దాన్ని ప్రతిభ అంటున్నాం.

"అన్నిట్లోకీ కులాన్ని లాక్కొస్తారు, కనీసం సంగీతాన్నైనా వదిలేయండి" అనే కామెంట్ ఎలాగూ వస్తుంది కాబట్టి ముందే చెప్తున్నా. మేం లాక్కురావడం లేదు. మృదంగం ముఖాన ఉన్నది ఆవు తోలు, మేక తోలు. ఆ తోలు తీసేదీ, కోసేదీ, బిగించేదీ ఎక్కువమంది దళిత క్రైస్తవ కుటుంబాలు. వాళ్ళ మీద గాయకుడు టి.ఎం. కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అని పుస్తకం రాశాడు. 2020లో చెన్నై కళాక్షేత్ర ఆ పుస్తకం ఆవిష్కరణకి హాలు ఇస్తామని చెప్పి, చివర్లో అనుమతి వెనక్కి తీసుకుంది. మృదంగం హాల్లోకి రావచ్చు. దాన్ని చేసినవాళ్ళ కథ రాకూడదు. సంగీతంలోకి కులాన్ని ఎవరు తెచ్చారో ఇప్పుడు చెప్పండి.

మరి ఏం చేద్దాం? తిట్టి ఊరుకునే అలవాటు మనకి వద్దు. టీవీ ఛానెల్ మన చేతిలో లేదు. కాలేజీ స్టేజీ, హాస్టల్ డే, జయంతి సభ మన చేతిలో ఉన్నాయి. విద్యార్థి సంఘాల పిల్లలూ, ఈ కిందివి రాసుకోండి.

ఒకటి. మీ కాలేజీ పోటీ మార్కుల కాగితం అడిగి తీసుకోండి. ‘ఉచ్చారణ’ గడి ఉంటే కొట్టేయించండి. ‘మాట స్పష్టత’ అని పెట్టించండి. పాట ఏ యాసలో పుట్టిందో ఆ యాసలోనే పాడాలని, యాసకి మార్కులు తీయకూడదని కింద ఒక లైను రాయించండి. ప్రిన్సిపాల్ ఒప్పుకోకపోతే లిఖితపూర్వకంగా కారణం అడగండి. కారణం కాగితం మీద రాయడం వాళ్ళకి చాలా కష్టం.

రెండు. ట్రాక్ లేకుండా, వంతతో, డప్పుతో పాడే పాటకి ప్రత్యేక బహుమతి కాదు, అదే పోటీలో సమాన చోటు అడగండి. డప్పు కాచుకోవడానికి బయట జాగా, పది నిమిషాల టైము అడగండి. వయొలిన్ వాళ్ళు తీగలు సరి చేసుకోవడానికి టైము ఇస్తున్నారు కదా.

మూడు. స్టేజీ ఎక్కిన ప్రతి పిల్లా పాటకి ముందు ఎవరి దగ్గర నేర్చుకుందో పేరు పెట్టి చెప్పాలి. అమ్మ, మేనత్త, డప్పు కొట్టే పెద్దనాన్న, ఎవరైనా సరే. గురువు అనే మాట వాళ్ళకీ వర్తిస్తుంది. చర్చి పేరు చెప్పడానికి ఇబ్బంది ఉన్నవాళ్ళని బలవంతం చేయొద్దు. ఆ ఇబ్బంది పోవాలంటే చేయాల్సిన పోరాటం 1950 ఉత్తర్వు మీద, ఆ పిల్ల మీద కాదు.

నాలుగు. ఇంటికి వెళ్ళినప్పుడు పాటలు ఫోన్లో రికార్డు చేయండి. పాడినవాళ్ళ పేరు, ఊరు, తేదీ ఆ రికార్డులోనే చెప్పించండి. రేపు ఆ పాట ఎవరి సినిమాలో తేలినా ‘ఎవరిదీ కాదు’ అనే మాట చెల్లకుండా ఉండాలి. వాళ్ళని అడగకుండా ఇంటర్నెట్‌లో మాత్రం పెట్టొద్దు.

ఐదు. టీవీకి వెళ్ళే అవకాశం వస్తే వెళ్ళండి. నేను వద్దనట్లేదు. ఒత్తులు కూడా నేర్చుకోండి, ఎవరి సొత్తూ కాదు అవి. సంస్కృతం పాటలో ‘భ’ని ‘భ’గా పలకండి. మీ అమ్మ పాటలో ‘సేను’ని ‘సేను’గా పలకండి. రెండూ మీకు వచ్చు. జడ్జికి ఒకటే వచ్చు.

ఏప్రిల్ 14కి మా ఊళ్ళో జయంతి సభ దగ్గర ఒక పూట పాటలు పెట్టుకుంటున్నాం. మార్కులు లేవు, బల్ల లేదు, ఎలిమినేషన్ లేదు. ఎత్తుకునేవాళ్ళు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళం వంత పాడతాం. మీ ఊళ్ళోనూ పెట్టుకోండి, పెట్టుకున్నాక నాకు రాయండి.

వచ్చే భాగం: పెళ్ళి బ్యాండు వాళ్ళు, వాళ్ళ యూనిఫారం, వాళ్ళని భోజనానికి ఎక్కడ కూర్చోబెడతారు అనే సంగతి.

జై భీమ్.